పిల్లలకు ‘సాడ్’, ‘యాంగ్రీ’ వచ్చు. బెంగ, ఉక్రోషం, అలక రావు. బెంగళూరు తెలుగు ఇళ్ళలో ఎలా నేర్పాలి?

#1 వర్తూరు_నాన్న
ఇక్కడి ప్లేస్కూళ్ళలో ఎల్కేజీ నుంచే ఎమోషన్స్ చార్టు గోడకు అంటిస్తున్నారు. పిల్లలు వేలు పెట్టి ‘హ్యాపీ’, ‘సాడ్’, ‘యాంగ్రీ’, ‘స్కేర్డ్’ అని గడగడా చెప్పేస్తారు. ఇంటికొచ్చాక మాత్రం ఏమడిగినా ‘సాడ్’ అనో, పక్కింటి కన్నడం పట్టుకుని ‘బేజారు’ అనో అంటారు. అసలు ఏమైందో మనకు అంతుపట్టదు. 4 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు ఇంట్లో తెలుగులో ఎలా నేర్పాలి? ఎన్ని మాటలతో మొదలుపెట్టాలి, రోజుకు ఎంతసేపు, ఎక్కడ బెడిసికొడుతుంది? తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి రాయండి.

#2 జయనగర_బడిపంతులమ్మ
నాలుగు మాటలతో మొదలుపెట్టండి చాలు: సంతోషం, కోపం, భయం, బాధ. మూడేళ్ళ పిల్లకైనా అయిదేళ్ళ పిల్లకైనా తొలి రెండు వారాలు ఇవే. ఒకేసారి పన్నెండు ముఖాల చార్టు తగిలిస్తే అది రంగుల బొమ్మగానే మిగిలిపోతుంది.

మామూలు అట్టముక్కలు అరచేతి సైజులో నాలుగు కత్తిరించండి. ముఖం మీరు గీయకండి, పిల్ల చేతే గీయించండి. గుండ్రం, రెండు కళ్ళు మీరు వేసిచ్చి, నోరూ కనుబొమలూ మాత్రం తనకు వదలండి. అద్దం ముందు కూర్చోబెట్టి “కోపం ముఖం పెట్టు” అంటే కనుబొమలు ఎటు పోతున్నాయో తనే చూసుకుని గీస్తుంది. వీటిని ఫ్రిజ్ మీద పిల్ల కంటి ఎత్తులో, అంటే నేల నుంచి సుమారు మూడడుగుల దగ్గర పెట్టండి. చాలా ఇళ్ళలో చార్టు పెద్దవాళ్ళ కంటి ఎత్తులో ఉంటుంది. అప్పుడది పిల్లలకు పనికిరాదు.

ముఖం తర్వాత ఒళ్ళు. నిజానికి అసలు పాఠం ఇదే. కోపమొస్తే చెవులు వేడెక్కుతాయి, పళ్ళు బిగుసుకుంటాయి, పిడికిళ్ళు ముడుచుకుంటాయి. భయమేస్తే కడుపులో తిప్పుతుంది, చేతులు చల్లబడతాయి, మాటిమాటికీ ఒంటికి వస్తుంది. బాధకు గొంతు పూడుకుపోతుంది, ముక్కు చివర మండుతుంది. సంతోషానికి కాలు ఒకచోట నిలవదు. పాత న్యూస్‌పేపర్లు అతికించి, పిల్లను దాని మీద పడుకోబెట్టి చుట్టూ స్కెచ్‌పెన్నుతో గీత గీయండి. ఆ మనిషి బొమ్మలో “కోపం ఎక్కడుంటుంది?” అని అడిగి ఎర్ర రంగు వేయించండి. గంటసేపు వద్దు, పది నిమిషాలు చాలు.

ఒక జాగ్రత్త. పిల్ల ఏడుస్తుండగా ఫోటో తీసి ‘బాధ’ కార్డు చేయొద్దు, ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దు. ఏడిస్తే కెమెరా వస్తుందని ఒకసారి తెలిస్తే ఇక ఆ పిల్ల మన ముందు ఏడవదు.

#3 మాటల_సాధన (స్పీచ్ థెరపిస్ట్)
పంతులమ్మ గారు చెప్పినదానికి ఒక సవరణ. ముఖం కార్డు చూపించి “ఇదేంటి?” అని అడగడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. అది భావాన్ని గుర్తుపట్టడం కాదు, బొమ్మకు పేరు చెప్పడం. మనస్తత్వవేత్త పాల్ ఎక్‌మన్ చెప్పిన ఆరు ముఖాలే ఇప్పటికీ చార్టుల్లో తిరుగుతున్నాయి. అయితే 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరికొందరు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలెన్నో వడపోసి, ముఖం ఒక్కదాన్నే చూసి లోపలి భావాన్ని కచ్చితంగా చెప్పలేమని తేల్చారు. కోపమొచ్చినవాళ్ళందరూ కనుబొమలు ముడవరు. ముడిచినవాళ్ళందరికీ కోపమూ ఉండదు, సూది బెజ్జంలో దారం ఎక్కిస్తున్నప్పుడు కూడా కనుబొమలు ముడిపడతాయి.

అందుకని రెండోవారం నుంచి ముఖాల పక్కన సందర్భాలు పెట్టండి. బెలూన్ పగిలింది. వ్యాన్ అంకుల్ కొత్తాయన వచ్చాడు. చెల్లి డ్రాయింగ్ చింపింది. అమ్మమ్మ రైలెక్కి వెళ్ళిపోయింది. ఒక్కో దానికి “వాడికి ఎలా ఉండుంటుంది?” అని అడగండి. ఒకే సందర్భానికి ఇద్దరు పిల్లలు రెండు జవాబులు చెబితే రెండూ ఒప్పుకోండి. వాన పడితే ఒకళ్ళకు సంబరం, ఇంకొకళ్ళకు భయం.

ఇక మాటల సంగతి. ‘సాడ్’ అనే ఒక్క మాట కింద తెలుగులో ఎన్ని ఉన్నాయో చూడండి.

బెంగ అంటే దూరమైన మనిషి కోసం. వేసవి సెలవులు అనంతపురంలోనో కడపలోనో అమ్మమ్మ దగ్గర గడిపి, బడి తెరిచేసరికి తిరిగొచ్చిన పిల్ల అన్నం ముట్టకపోతే అది బెంగ. దానికి మందు వీడియో కాల్, అమ్మమ్మ చీర ముక్క, ‘దసరాకి వెళ్దాం’ అని క్యాలెండర్‌లో గుర్తు.

చిన్నబోవడం అంటే నలుగురిలో తన మాట చెల్లనప్పుడు ముఖం వాడిపోవడం. దానికి క్యాలెండర్ పనిచేయదు, పక్కకు పిలిచి తన మాట వినాలి.

దిగులు రేపటి గురించి. గుబులు కూడా దాదాపు అదే, కాకపోతే గుండెలో కొట్టుకుంటుంది.

కోపం వైపు వస్తే, చిరాకు అనేది ఆకలి, నిద్ర, ఉక్క, మెడ దగ్గర గుచ్చుకునే చొక్కా లేబుల్ ఇలాంటివన్నీ పోగై వచ్చేది. అక్కడ ముందు లేబుల్ కత్తిరించాలి, తర్వాతే మాటలు. ఉక్రోషం ఓడిపోయినప్పుడో, ఎదుటివాడికి జవాబు చెప్పలేకపోయినప్పుడో వచ్చేది, కోపమూ ఏడుపూ కలిసే వస్తాయి. ఉక్రోషంలో ఉన్న పిల్లకు “కోపం తగ్గించుకో” అంటే ఇంకా ఎక్కువవుతుంది, ఎందుకంటే అసలు నొప్పి ఓటమిది. అలక సంగతి వేరు. ప్రేమ ఉన్నచోటే అలుగుతారు, బుజ్జగించేవాళ్ళు వస్తారన్న నమ్మకం ఉన్నచోటే అలుగుతారు. మూతి ముడుచుకుని సోఫా వెనక కూర్చున్న పిల్ల ‘నా దగ్గరికి రా’ అంటోందన్నమాట.

‘షై’ అనే మాట కింద బెరుకు, బిడియం, జంకు, సిగ్గు నాలుగూ వెళ్ళిపోతున్నాయి. బెరుకు కొత్తదనంతో వస్తుంది, పదిసార్లు కలిస్తే పోతుంది. సిగ్గు పదిసార్లు కలిసినా పోకపోవచ్చు.

పేరు మారితే చేయాల్సిన పనీ మారుతుంది. ఈ మాటలు నేర్పమనేది భాషాభిమానం కోసం కాదు, అందుకోసం.

#4 హొసకెరెహళ్ళి_అమ్మ
తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, ప్లే ఏరియాలో హిందీ. ఇన్ని భాషల్లో ఒకే భావానికి నాలుగు మాటలంటే పిల్లలు తికమకపడరా?

#5 మాటల_సాధన
పడరు. ఏ మాట ఎవరి దగ్గర వాడాలో మూడేళ్ళకే పసిగడతారు. ఇబ్బంది ఒక్కచోటే: ఒకే మాట రెండు భాషల్లో వేరే వేరే పని చేస్తున్నప్పుడు. మొదటి పోస్టులోని బేజారే తీసుకోండి. బెంగళూరు కన్నడంలో బేజారు అంటే బాధ కావచ్చు, విసుగు కావచ్చు, మనసు నొచ్చుకోవడం కావచ్చు. పిల్ల “బేజారుగా ఉంది” అంటే మాట మార్చమని దిద్దకండి. “ఆడుకోవడానికి ఏమీ లేక బేజారా, ఎవరైనా ఏమన్నా అన్నారని బేజారా?” అని రెండు తలుపులు తెరవండి. రెండే, ఐదు కాదు. ఐదిస్తే చివరి మాట పట్టుకుని చెప్పేస్తారు.

#6 వర్తూరు_నాన్న
బాగుంది. మరి ఏడుపు లంకించుకున్నప్పుడు? నేల మీద పడి దొర్లుతుంటే బెంగా, ఉక్రోషమా అని అడిగే వీలుంటుందా?

#7 బాలమనసు (చైల్డ్ కౌన్సెలర్)
ఉండదు, అడగకూడదు కూడా. ఆ సమయంలో పాఠం చెప్పడమే అందరూ చేసే మొదటి పొరపాటు. రెండోది “ఎందుకు ఏడుస్తున్నావ్?” అనే ప్రశ్న. పెద్దవాళ్ళకే కోపం మధ్యలో కారణం చెప్పడం కష్టం. నాలుగేళ్ళ పిల్లకు ‘ఎందుకు’ అనే మాట నిలదీసినట్టు వినిపిస్తుంది.

ముందు తలకు తగిలేవి, పగిలేవి దూరంగా జరపండి. తర్వాత మీరు కింద కూర్చోండి, పిల్లకు చేయి చాపితే అందేంత దూరంలో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు. నిలబడి కిందికి చూస్తూ మాట్లాడితే ఎంత మెత్తని మాటైనా గద్దింపే. అప్పుడు ఒక్క వాక్యం, నాలుగైదు మాటలకు మించకుండా: “బ్లాకుల టవర్ పడిపోయింది, ఉక్రోషం వచ్చింది.” అంతే, ఆగిపోండి. ప్రశ్నలా సాగదీయకండి. తప్పు పేరు పెడితే పిల్లే “కాదూ!” అని అరుస్తుంది, అదీ మంచిదే. “సరే, కాదు” అని ఊరుకోండి.

కొడుతుంటే హద్దు కూడా అంతే పొట్టిగా చెప్పాలి: “కోపం రావచ్చు. కొట్టకూడదు. చెయ్యి పట్టుకుంటున్నా.” ఈ మూడు ముక్కల్లో మొదటిది వదిలేసి మిగతా రెండే చెప్పే ఇళ్ళు ఎక్కువ. కొన్ని ఇళ్ళలో మొదటిదే చెప్పి మిగతావి వదిలేస్తారు, దాంతో పేరు పెట్టడమంటే గారాబం చేయడమని తాతయ్యలకు అనుమానం వస్తుంది. మూడూ ఉండాలి.

పాఠం చెప్పాల్సింది ఏడుపు ఆగాక, కనీసం అరగంట గడిచాక. స్నానం చేయిస్తూనో, జడ వేస్తూనో రెండు నిమిషాలు: ఏమైంది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, అప్పుడేం కావాలనిపించింది, మళ్ళీ అలాగైతే ఏం చేద్దాం. నాలుగు ప్రశ్నలకూ జవాబు రానక్కర్లేదు. మొదటిదానికి వచ్చినా ఆ పూటకు చాలు.

#8 కోరమంగళ_ఇంజినీర్
భావానికి పేరు పెట్టగానే మెదడు శాంతిస్తుందని చాలాచోట్ల చదువుతున్నాం. ఇక్కడ మీరు పేరు పెట్టాక కూడా అరగంట ఆగమంటున్నారు. ఏది నిజం?

#9 బాలమనసు
ఆ మాటకు మూలం 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం లాస్ ఏంజెలెస్‌లో చేసిన మెదడు స్కానింగ్ అధ్యయనం. కోపం, భయం ఉన్న ముఖాలు చూపించి, వాటికి భావం పేరు ఎంచుకోమన్నప్పుడు మెదడులో భావోద్వేగాలకు స్పందించే అమిగ్డలా అనే భాగంలో ఉద్రేకం తగ్గడం కనిపించింది. కానీ అందులో పాల్గొన్నది పెద్దవాళ్ళు. వాళ్ళు చూసింది ఫోటోలు. అప్పటికే వాళ్ళకు ఆ మాటలన్నీ వచ్చు. మూడేళ్ళ పిల్ల దొర్లి ఏడుస్తుండగా మనం “కోపం” అన్నందుకు ఏడుపు స్విచ్ ఆపినట్టు ఆగదు. మాట అప్పుడు విత్తనం లాంటిది. పదిసార్లు, ఇరవైసార్లు అదే సందర్భంలో అదే మాట విన్నాక, ఒకరోజు ఏడవడానికి ముందే “నాకు ఉక్రోషం వస్తోంది” అంటుంది. ఆ రోజు కోసమే ఈ తతంగం. వెంటనే ఏడుపు ఆగాలనుకుంటే మూడోరోజుకే విసిగి మానేస్తారు.

#10 బసవనగుడి_తెలుగుపంతులు
ఒక చిన్న విషయం, ఎవరూ ఎత్తలేదు కాబట్టి. తెలుగులో “నాకు కోపం వచ్చింది” అంటాం. “నేను కోపం” అనం. కోపం వస్తుంది, పోతుంది, తగ్గుతుంది, చల్లారుతుంది. భయం వేస్తుంది, బెంగ పెట్టుకుంటాం, సిగ్గు పడతాం. భావం బయటినుంచి వచ్చిన చుట్టంలా ఉంటుంది మన వాక్యంలో. పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే అనువైన వ్యాకరణం లేదు. దాన్ని మనమే పాడుచేసుకుంటున్నాం, ‘కోపిష్టి’, ‘పిరికిపంద’, ‘ఏడుపుగొట్టు’, ‘ఉడుకుమోతు’ అని బిరుదులిచ్చి. “వీడు ఉడుకుమోతు” అన్న ఇంట్లో ఆ పిల్లాడు ఆటలో ఓడిన ప్రతిసారీ ఆ పేరు నిలబెడతాడు. “వీడికి ఓడితే ఉక్రోషం వస్తుంది” అనండి. వచ్చింది పోతుందని ఆ మాటలోనే ఉంది.

కూచిపూడి, భరతనాట్యం క్లాసులకు వెళ్ళే పిల్లలు ఇక్కడ చాలామంది. భరతుడి నాట్యశాస్త్రంలో నిలిచి ఉండే ప్రధాన భావాలు, అంటే స్థాయీభావాలు, ఎనిమిదితో పాటు, మధ్యలో వచ్చిపోయే భావాలు ముప్పై మూడు ఉన్నాయి: శంక, అసూయ, గర్వం, చింత, దైన్యం, ఔత్సుక్యం. ‘సంచారీ భావాలు’ అనే పేరే చూడండి, తిరుగుతూ పోయేవి. ఆ పిల్లలకు ఈ లెక్క ఇంట్లో కూడా ఉపయోగపడుతుంది. కాకపోతే క్లాసులో పెట్టే ముఖం ప్రేక్షకుల కోసం, ఇంట్లో వచ్చే కోపం తన కోసం. ఆ తేడా చెప్పి ఉంచాలి.

#11 హొసకెరెహళ్ళి_అమ్మ
ఇంట్లో పెద్దవాళ్ళు వాడే మాటల గురించి కూడా చెప్పండి. ఊళ్ళ నుంచి వచ్చి ఆరు నెలలు ఇక్కడే ఉండే అమ్మమ్మలు, నానమ్మల పెంపకమే సగం ఇళ్ళలో నడుస్తోంది. వాళ్ళ మనసు నొప్పించకుండా ఏం మార్చుకోవచ్చు?

#12 జయనగర_బడిపంతులమ్మ
మూడు అలవాట్లు మార్చుకుంటే చాలా తేడా ఉంటుంది.

పిల్ల పడిపోతే “నేల కొట్టిందా? నేలను కొట్టేద్దాం” అని నేల మీద చెయ్యేసి కొట్టడం. పిల్ల ఏడుపు ఆపి చూస్తుంది, నిజమే. అయితే మోకాలు మండుతోందన్న సంగతి ఎవరూ అనలేదు, తప్పు నేలది అయిపోయింది. దానికి బదులు మోకాలు చూసి, “మండుతోందా? గీరుకుంది. ఊదనా, నీళ్ళు పోయనా?” అంటే నొప్పికి పేరు దొరికింది, ఏం కావాలో తనే ఎంచుకుంది. అమ్మమ్మలకు ఇది తేలిగ్గా పట్టుబడుతుంది, ఎందుకంటే ఊదడం వాళ్ళకు వచ్చిన పనే.

రెండోది బూచాడు, పోలీసు, సూది వేసే డాక్టరు. వీళ్ళను చూపించి అన్నం తినిపిస్తే పూట గడుస్తుంది. తర్వాత టీకాకు తీసుకెళ్ళినప్పుడో, తప్పిపోయి పోలీసు సాయం కావాల్సినప్పుడో ఆ భయమే అడ్డం పడుతుంది.

మూడోది “మగపిల్లాడివి, ఏడుస్తావా?”, “సిగ్గు లేదూ?” అనే మాటలు. ఏడుపు ఆగుతుంది, బాధ ఆగదు. అలాంటి ఇళ్ళలో మగపిల్లలకు బాధ, భయం, ఉక్రోషం అన్నీ చివరికి కోపంగానే బయటికొస్తాయి, ఒప్పుకునేది అదొక్కటే కాబట్టి.

దిష్టి తీయడం మాన్పించనక్కర్లేదు. ఉప్పు, మిరపకాయలు తిప్పుతూ అమ్మమ్మ ఆ కాసేపు పిల్లనే చూస్తూ కూర్చుంటుంది. ఆ శ్రద్ధ మంచిదే. దిష్టి తీశాక “ఇవాళ బడిలో ఏమైంది తల్లీ?” అని ఒక్కమాట కలపమనండి చాలు.

#13 కె.ఆర్.పురం_తాత
కోపం లోపలే పెట్టుకోకుండా దిండును నాలుగు గుద్దులు గుద్దమంటే తగ్గదా? బయటికి పోవాలి కదా?

#14 బాలమనసు
వద్దండీ. ఇది చాలామంది సలహా ఇచ్చేదే, కానీ తిరగబడుతుంది. 2002లో మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ చేసిన ప్రయోగంలో, కోపం తెప్పించినవాళ్ళను తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్ గుద్దినవాళ్ళకు కోపం పెరిగింది, ఊరికే కూర్చున్నవాళ్ళకు తక్కువగా ఉంది. గుద్దడం సాధన చేస్తే గుద్దడమే వస్తుంది.

మన వంటింటి కుక్కర్‌నే కొలబద్ద చేసుకోండి. పిల్లలకు బాగా ఎక్కుతుంది. ఒకటి, నీళ్ళు చల్లగా ఉన్నాయి. రెండు, వెచ్చబడ్డాయి. మూడు, ఆవిరి వస్తోంది. నాలుగు, వెయిట్ కదులుతోంది. అయిదు, విజిల్. అట్ట మీద అయిదు గళ్ళు గీసి, బట్టల క్లిప్పు పెట్టి జరిపేలా చేయండి. సాయంత్రం ఒకసారి “ఇప్పుడు ఏ నంబరు?” అని మీరూ జరపండి, పిల్లా జరపాలి. పిల్ల ఒక్కదాన్నే జరపమంటే అది పరీక్షగా మారుతుంది.

ఇక్కడ ముఖ్యం ఏంటంటే పని మూడు దగ్గరే చేయాలి. విజిల్ వచ్చాక ఏ కిటుకూ పనిచేయదు, పక్కన కూర్చోవడం తప్ప. విజిల్ ఎత్తి ఆవిరి వదలడం కాదు, స్టవ్ సిమ్‌లో పెట్టడం నేర్పాలి. సిమ్‌లో పెట్టడమంటే గోడను రెండు చేతులతో పది లెక్కపెట్టేదాకా నెట్టడం, చల్లటి నీళ్ళు గ్లాసుడు నెమ్మదిగా తాగడం, బాల్కనీలోకి పోవడం, ఊపిరి.

ఊపిరికి పాయసం ఆట. రెండు చేతులూ గిన్నెలా పట్టుకుని, మూడు లెక్కపెట్టేదాకా పాయసం వాసన పీల్చాలి, అయిదు లెక్కపెట్టేదాకా ఊది చల్లార్చాలి. అయిదుసార్లు. పిల్లలు ఉత్సాహంతో బుస్సుమని ఊదేస్తారు, తల తిరుగుతుంది. “గట్టిగా ఊదితే పాయసం ఒలికిపోతుంది” అనండి. ఇంకా పట్టుబడకపోతే టిష్యూ పేపర్ పొడుగ్గా చింపి నోటికి జానెడు దూరంలో పట్టుకోండి. అది ఎగిరిపోకుండా రెపరెపలాడుతూ ఉండాలి. ఇది పడుకునేముందు పది రోజులు హాయిగా ఉన్నప్పుడు ఆడితేనే పదకొండోరోజు కోపంలో గుర్తొస్తుంది. కోపంలో మొదటిసారి “ఊపిరి పీల్చు” అంటే చాలామంది పిల్లలకు అది శిక్షలా అనిపిస్తుంది.

#15 సిల్క్‌బోర్డ్_దగ్గర
బడిలో బంగారంలా ఉంటారట, ఇంట్లో అడుగుపెట్టగానే బ్యాగు విసిరి పేచీ. టీచర్లు నమ్మరు కూడా. ఏంటిది?

#16 జయనగర_బడిపంతులమ్మ
పొద్దున్నుంచి బిగబట్టుకున్నది భద్రంగా అనిపించే చోట వదులుతారు. దానికి తోడు వ్యాన్‌లో ముప్పావు గంట, గంట ట్రాఫిక్. మధ్యాహ్నం డబ్బా సగమే తిని ఉంటారు. దిగగానే “బడి ఎలా జరిగింది? ఏం నేర్పారు? ఎవరితో ఆడావు?” అని వరసపెట్టి అడిగితే ఏడుపు రాక ఏమొస్తుంది.

దిగాక తొలి ఇరవై నిమిషాలు ప్రశ్నలు బంద్. నీళ్ళు, అరటిపండో ఉప్మానో, చెప్పులు విడవడం, ఊరికే ఒళ్ళో కూర్చోవడం. తర్వాత కూడా ‘ఎలా ఉంది’ అనే పెద్ద ప్రశ్న వద్దు. “ఇవాళ నవ్వొచ్చింది ఏదైనా ఉందా?”, “చిరాకేసింది ఏదైనా?” అని చిన్న ప్రశ్న. ముందు మీది చెప్పండి: “ఇవాళ లిఫ్టు ఆగిపోయింది, నాకు గాభరా వేసింది. తలుపు తెరుచుకోగానే హమ్మయ్య అనిపించింది.” హమ్మయ్య అనేది కూడా ఒక భావమే. దానికి మామూలు చార్టుల్లో ముఖం ఉండదు, నేర్పితే పిల్లలు ఎంతో ఇష్టంగా వాడతారు. మీరు చెప్పేది పిల్ల మోయలేనిది కాకూడదు. ఆఫీసు గొడవలు, అప్పుల దిగులు పిల్లల ముందు పెట్టడం ఈ లెక్కలోకి రాదు.

#17 ఇందిరానగర్_స్పెషల్‌ఎడ్
ఆటిజం ఉన్న పిల్లలకూ, మాట ఆలస్యమైన పిల్లలకూ పైన చెప్పినవన్నీ అలాగే వర్తించవు. కళ్ళలోకి చూడమని బలవంతం చేయకండి, పక్కపక్కన కూర్చుని చేయండి. కార్డు మీద ముఖం కంటే ‘ఏం కావాలి’ అనేది ముందు: ‘ఆపు’, ‘సాయం’, ‘చప్పుడు ఎక్కువ’, ‘బ్రేక్’. ఈ నాలుగు కార్డులు రింగ్‌కు కట్టి బ్యాగుకు తగిలించండి. ‘కోపం’ అని చూపించగలిగినా ‘చప్పుడు ఎక్కువ’ అని చూపించలేని పిల్లకు సాయం అందదు.

ఆకలి, ఒంటికి రావడం, చలి కూడా ఒంట్లో గుర్తుపట్టలేని పిల్లలు ఉంటారు. వాళ్ళకు గుండె దడ భయమో, పరిగెత్తడం వల్లో తెలియదు. అక్కడి నుంచే మొదలుపెట్టాలి: ఇరవైసార్లు ఎగిరి, చెయ్యి గుండె మీద పెట్టి, “టకటక కొట్టుకుంటోంది” అనడం. రెండు నిమిషాలాగి మళ్ళీ పెట్టి, “నెమ్మదించింది” అనడం. మామూలు పిల్లలకు కూడా ఇది మంచి ఆటే.

చన్నపట్న చెక్కబొమ్మలు ఈ పనికి బాగుంటాయి. ముఖం దాదాపు ఉండీ లేనట్టు ఉంటుంది కాబట్టి పిల్ల ఏ భావమైనా దానికి ఇవ్వొచ్చు. “బొమ్మకు ఏమైంది?” అంటే, “నీకు ఏమైంది?” అన్నప్పుడు రాని జవాబు వస్తుంది.

#18 కోరమంగళ_ఇంజినీర్
తొమ్మిది, పది, పదకొండేళ్ళవాళ్ళు కార్డులు చూస్తే నవ్వుతారు. వాళ్ళకు?

#19 బాలమనసు
వాళ్ళకు రెండు భావాలు ఒకేసారి ఉంటాయని చెప్పాల్సిన వయసు అది. ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలు ‘సంబరమూ భయమూ రెండూ’ అంటే చాలాసార్లు ఒప్పుకోరు, ఏదో ఒకటే అంటారు. పదేళ్ళ దగ్గరికొచ్చేసరికి, ఒకే విషయం మీద ఎదురెదురు భావాలు ఉండొచ్చని పట్టుకోగలుగుతారు. స్నేహితురాలికి ఫస్ట్ ర్యాంకు వచ్చింది: సంతోషం, లోపల కాస్త కుళ్ళు. రెండూ ఉన్నాయని ఒప్పుకుంటే కుళ్ళు మాటల్లో పోతుంది, ఒప్పుకోకపోతే చేతల్లో వస్తుంది.

ఈ వయసులో తప్పక ఇవ్వాల్సిన మాట మొహమాటం. వద్దనాలని ఉంది, వద్దంటే ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో అని అనలేకపోవడం. క్లాసులో హోమ్‌వర్క్ కాపీ కొట్టనివ్వడం దగ్గర్నుంచి, ఒంటిమీద ఎవరైనా చెయ్యి వేస్తే వద్దనలేకపోవడం దాకా దీని కిందికే వస్తాయి. “మొహమాటం వేసినా వద్దనొచ్చు, పెద్దవాళ్ళైనా సరే” అని వాక్యం నోటికి వచ్చేలా పలికించండి.

ఎదురుగా కూర్చోబెట్టి “మాట్లాడాలి” అనకండి. కారులో ముందూ వెనకా, స్కూటర్ మీద, లాల్‌బాగ్‌లో నడుస్తూ, చిక్కుడుకాయలు ఒలుస్తూ అడగండి. కళ్ళు కలవకపోతే మాట వస్తుంది. చెప్పింది చుట్టాల ముందు చెప్పకండి. ఒక్కసారి ఫోనులో పిన్నికి చెప్పడం వింటే ఆ తలుపు చాలాకాలం మూసుకుపోతుంది.

#20 సిల్క్‌బోర్డ్_దగ్గర
పొద్దున్నే కడుపునొప్పి అనే పిల్లల సంగతి?

#21 బాలమనసు
ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. మలబద్ధకం, నులిపురుగులు, యూరిన్ ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అవి లేవని తేలాక రెండు వారాలు కాగితం మీద రాయండి: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఆ రోజు బడిలో ఏ పీరియడ్. ఆదివారాలు, సెలవులు ఖాళీగా ఉండి, హిందీ డిక్టేషన్ ఉన్న రోజులే నిండితే జవాబు అక్కడుంది. అప్పుడు కూడా “నాటకాలు” అనకండి. నొప్పి నిజమే. భయం కడుపులో తెలుస్తోంది, అంతే.

ఇంటి ప్రయత్నంతో సరిపోదనడానికి కొన్ని గుర్తులు. పేచీలు తరచూ ఇరవై అయిదు నిమిషాలు దాటి సాగడం, రోజుకు అయిదారుసార్లు రావడం, తనను తాను కొట్టుకోవడం, కొరుక్కోవడం, ఎప్పుడూ తనంతట తాను తేరుకోలేకపోవడం. పెద్దపిల్లలైతే రెండు వారాలకు మించి ముభావంగా ఉండటం, ఇష్టమైన ఆటలు మానేయడం, ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాటలు. ఈ చివరిది వింటే రెండు వారాలు ఆగకండి, ఆ రోజే సాయం తీసుకోండి. హోసూరు రోడ్డులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. చార్టుతో మొదలుపెట్టామని నెలల తరబడి చార్టుతోనే నెట్టుకురాకండి.

#22 వర్తూరు_నాన్న
చివరగా ఒకటి. మాటలు వచ్చాక పిల్లలు వాటినే ఆయుధం చేసుకుంటారు. “నాకు బాధగా ఉంది, ఫోను ఇవ్వు.” ఇవ్వకపోతే “నా ఫీలింగ్స్ నీకు అక్కర్లేదు.” ఏం చేయాలి?

#23 జయనగర_బడిపంతులమ్మ
భావాన్నీ కోరికనూ విడదీయండి. “బాధగా ఉందన్నావు, విన్నాను. ఫోను ఇవ్వను. పక్కన కూర్చోనా, బాల్కనీలోకి వెళ్దామా?” అంతకుమించి వివరణ వద్దు. ఏడిస్తే ఏడవనివ్వండి, పక్కనే ఉండండి. బాధ నిజమా నటనా అని తేల్చే పని పెట్టుకోకండి. ఫోను రాకపోవడం కూడా ఆ వయసుకు నిజమైన బాధే. ‘బాధ’ అన్నప్పుడల్లా ఫోను వస్తే ఆ మాట ఫోనుకు పేరు అవుతుంది. ‘బాధ’ అన్నప్పుడల్లా తిట్టు వస్తే ఆ మాటే మానేస్తుంది. రెండూ కాకుండా, మాట వినబడింది, హద్దు కదల్లేదు అనేలా వరసగా ఓ వారం ఉంటే చాలామంది పిల్లలు దారికొస్తారు. ఆ వారంలో ఇంట్లో ఇంకొకరు చాటుగా ఫోను ఇవ్వకుండా ముందే మాట్లాడుకోండి, ఎక్కువసార్లు చెడేది అక్కడే.